అమ్మ నడుం కింద పుండు, హోమ్ వాళ్ళేమో వయసంటున్నారు

సిస్టరమ్మని అడగండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ, డబ్బు కట్టి పెద్దవాళ్ళని ఉంచిన చోట వాళ్ళని సరిగ్గా చూస్తున్నారా లేదా అని. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, అన్ని వైపుల నించీ వచ్చాయి. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి ఆపి వీటికే చోటిచ్చాను. రాసినవాళ్ళ పేర్లు, హోమ్‌ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: సిస్టరమ్మ గారూ, మాది రాయగడ. మా అమ్మకి 76 ఏళ్ళు, కుడివైపు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. నేనూ మావారూ ఇద్దరం డ్యూటీలకి పోతాం, తమ్ముడు విశాఖపట్నంలో ఉంటాడు, అందుకని బరంపురం వైపు నెలనెలా డబ్బు కట్టించుకుని చూసే ఒక హోమ్‌లో పెట్టాం, నర్సులుంటారు డాక్టరు వస్తాడు అన్నారు. వచ్చేముందు ఫోన్ చెయ్యాలని రూలు. మేం వెళ్ళేసరికి అమ్మకి తల దువ్వి పౌడరు రాసి వీల్‌చైర్‌లో ముందు గదికి తెచ్చేస్తారు. మొన్న నేనే బట్ట మారుస్తానని పట్టుబట్టి లోపలికి తీసుకెళ్తే నడుం కింద ఎముక దగ్గర అరచేతిలో సగమంత పుండు, వాసన కూడా వస్తోంది. అడిగితే వయసైపోయింది కదమ్మా, షుగరు కూడా ఉంది, ఇలాంటివి వస్తాయి అంటున్నారు. తమ్ముడేమో గొడవ పెట్టకు, మనం వచ్చేశాక అమ్మ మీద చూపిస్తారు అంటున్నాడు. ఏటి చెయ్యాలి?

జవాబు: చెల్లీ, ముందు పుండు సంగతి, తరవాత మిగతావి. ఆ వాసన అన్నారే, దాని వల్ల ఇది వచ్చే నెల దాకా ఆగే పని కాదు. ఈ రెండు మూడు రోజుల్లో మీరే వెళ్ళి అమ్మని ఒక సర్జన్‌కి చూపించండి, బరంపురం దగ్గరే కాబట్టి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. జ్వరం ఉన్నా, అమ్మ మాట తడబడుతూ మత్తుగా ఉన్నా, పుండు చుట్టూ ఎర్రగా వేడిగా పాకుతున్నా, మధ్యలో చర్మం నల్లగా అయిపోయినా, లోపల ఎముక కనిపించినా ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి. చీము రక్తంలోకి పాకితే ముసలి ఒళ్ళు తట్టుకోలేదు.

ఇక వయసు వల్ల వచ్చింది అన్న మాట. ఏళ్ళ తరబడి వార్డుల్లో పనిచేసినదాన్ని, గట్టిగానే చెప్తాను, పడకపుండు వయసు వల్ల రాదు. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, అక్కడి మాంసం చచ్చిపోతే వస్తుంది. నడుం కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనకభాగం, ఎక్కడ ఎముక పైకి ఉంటుందో అక్కడ. షుగరు ఉంటే మానడం ఆలస్యం అవుతుంది, నిజమే, కానీ షుగరు ఒక్కటే పుండు పెట్టదు. పోయే ముందు చివరి రోజుల్లో, ఒళ్ళంతా నీరసించిపోయినవాళ్ళకి ఎంత బాగా చూసినా ఒక్కోసారి వస్తుంది, అది కూడా ఒప్పుకోవాలి. మీ అమ్మ అలాంటి స్థితిలో లేదు కదా, వీల్‌చైర్‌లో కూర్చుంటోంది, మీతో మాట్లాడుతోంది. అరచేతిలో సగమంత పుండు ఒక్క రోజులో పడదు. మొదట అక్కడ చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉంటుంది, మొదటి గుర్తు అదే, రోజూ స్నానం చేయించేవాళ్ళకీ బట్ట మార్చేవాళ్ళకీ కనపడి తీరుతుంది. అప్పుడు ఎవరూ చూడలేదు, చూసినవాళ్ళు చెప్పలేదు, లేదా చెప్పినా పైవాళ్ళు పట్టించుకోలేదు. ఈ మూడింట్లో ఏదైనా అది హోమ్ తప్పే.

చెయ్యాల్సింది పెద్ద వైద్యమేమీ కాదు. తనంతట తాను కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పూర్తిగా పక్కకి తిప్పి తుంటి మీద బరువు పడేలా కాకుండా కొంచెం వాల్చి వెనక దిండు పెట్టాలి, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి, తడిసిన డైపర్ వెంటనే తియ్యాలి. గాలి పరుపు మంచిదే కానీ అది వేశాం కదా అని పక్క మార్చడం మానేస్తే లాభం లేదు. ఎర్రబడిన చోట గట్టిగా మర్దనా చెయ్యకూడదు, చాలామంది ప్రేమతోనే చేస్తారు, లోపల ఇంకా చెడుతుంది. మధ్యలో కన్నం ఉన్న గాలి రింగు కూడా వద్దు, అంచుల దగ్గర రక్తం ఆగిపోతుంది. తిండిలో గుడ్డు, పప్పు, చేప, పాలు, అమ్మకి ఏది పడితే అది, మాంసం కట్టాలంటే ప్రొటీన్ ఉండాలి, కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం ఎంతో డాక్టరునే అడగండి. షుగరు కంట్రోల్‌లో ఉందో లేదో అదే రోజు రక్తం చూపించండి.

సరే, ఇప్పుడు హోమ్‌తో ఎలాగ. పుండుకి ఫోటో తియ్యండి, పక్కన చిన్న స్కేలు గానీ రూపాయి బిళ్ళ గానీ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది, తేదీ ఉండాలి. అమ్మ మానానికి భంగం లేకుండా పుండు వరకే తియ్యండి, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. డాక్టరుని పుండు ఎక్కడ, ఎంత లోతు, ఏ గ్రేడు అని కాగితం మీద రాసిమ్మనండి. తరవాత హోమ్‌లో మూడు కాగితాలు అడగండి, పక్క మార్చిన చార్టు, మందుల చార్టు, నెలనెలా బరువు చూసిన పుస్తకం. చార్టు చూపిస్తే ఊరికే చూసి ఇచ్చెయ్యకండి, నెల రోజుల రాత్రీ పగలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే టైములు ఉన్నాయంటే ఒక్కసారి కూర్చుని నింపిందని అర్థం. బరువు పుస్తకమే లేదంటే ఆ హోమ్‌లో ఎవరు చిక్కిపోతున్నారో ఎవరికీ తెలీదన్నమాట. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే డాక్టరుకి చూపించాల్సిందే, 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గినా అది మామూలు సంగతి కాదు.

ఆ తరవాత మేనేజరుకి ఉత్తరం రాయండి, ఫోన్లో కాదు. ఏ తేదీన ఏం చూశారు, డాక్టరు ఏమన్నారు, రేపట్నించి ఏం చెయ్యాలి, అంతే, తిట్లు వద్దు. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టాంపు తీసుకోండి. సంతకం పెట్టం అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

మీ తమ్ముడి భయం ఉందే, అది ప్రతి ఇంట్లోనూ ఉన్న భయమే, నేను తేలిగ్గా తీసెయ్యను. అమ్మ వాళ్ళ చేతుల్లో ఉంది, మనం ఊళ్ళో ఉన్నాం. కానీ వార్డుల్లో నేను చూసిందేంటంటే, ఎవరి మనుషులు తరచుగా వస్తారో, ఎవరు పేరు పెట్టి అడుగుతారో ఆ మంచం దగ్గరకే స్టాఫ్ ముందు పోతారు. ఎవరూ రాని మంచమే ఆఖర్న మిగిలిపోతుంది. గొడవ పెట్టకుండా ఊరుకున్న ఇన్నాళ్ళలోనే కదా ఈ పుండు పడింది. ఫోన్ చేసి రావాలన్న రూలు ఒప్పుకోవద్దు, మా అమ్మని చూడ్డానికి పగలైనా, రాత్రి పడుకునే లోపైనా ఎప్పుడైనా వస్తాం అని ఆ ఉత్తరంలోనే రాసెయ్యండి. మధ్యాహ్నం భోజనం టైముకి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్ళండి, ఆదివారం స్టాఫ్ తక్కువ ఉంటారు కాబట్టి అసలు రంగు ఆరోజే తెలుస్తుంది. మీరు రాలేనప్పుడు బరంపురంలో చుట్టమో స్నేహితులో ఉంటే వాళ్ళ పేరు హోమ్‌లో రాయించి పంపండి. వెళ్ళినప్పుడు మంచం పక్కన నీళ్ళ గ్లాసు ఏ వైపుందో చూడండి. మీ అమ్మకి కుడిచెయ్యి పనిచెయ్యదు, గ్లాసు కుడివైపు పెట్టి వెళ్ళిపోతే ఎదురుగా నీళ్ళుండీ దాహంతో పడుంటుంది, ఎంతోమంది అలాగే నాలుక పిడచకట్టి ఆస్పత్రికి వచ్చారు. నాలుక తడిగా ఉందా, గోళ్ళు కత్తిరించారా, పళ్ళ సెట్టు కడిగారా, ఇవి చూస్తే చాలు, ముందు గదిలో పౌడరు చూసి తెలిసేది ఏమీ లేదు.

ఆయాలతో మాత్రం కోపంగా మాట్లాడకండి. ఇరవై మందికి ఇద్దర్నే పెట్టింది వాళ్ళు కాదు. పేరు అడిగి, టీ తాగావా అని పలకరించి, మా అమ్మని ఎలా తిప్పుతున్నావో నాకూ చూపించు అనండి, నిజం వాళ్ళే చెప్తారు.

పది పదిహేను రోజుల్లో పుండు తీరు మారకపోతే, చార్టులు చూపించకపోతే వేరే చోటికి మార్చండి, అడ్వాన్సు పోతుందని చూడకండి. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, జరిగిన రెండేళ్ళ లోపు వెయ్యాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. మీ దగ్గర ఫోటో, డాక్టరు కాగితం, ముట్టినట్టు సంతకం ఉన్న ఉత్తరం ఉంటేనే అక్కడ మాట నిలబడుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో ఉంటారు, అక్కడ ఇలాంటి హోమ్‌లకి గవర్నమెంటు వాళ్ళు చెప్పకుండా వచ్చి చూసి పోతారంట, రిపోర్టు కూడా అందరికీ కనపడుతుందంట. మన వైపు అలాంటిది ఉందా? అసలు ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి? మాకు ఒడియా రాయడం కూడా సరిగ్గా రాదు. ఒక పాఠకుడు, గుణుపూర్

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే బాబూ. అక్కడ 1987లో నర్సింగ్ హోమ్‌ల మీద పెద్ద చట్టం వచ్చింది, ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి హోమ్‌నీ 15 నెలలు దాటకుండా ఒకసారైనా ముందు చెప్పకుండా తనిఖీ చెయ్యాలి, తమ వీలు కోసం మనుషుల్ని కట్టెయ్యకూడదు, నోరు మూయించడానికి మందులివ్వకూడదు అని అందులోనే ఉంది. హోమ్‌లో ఉన్నవాళ్ళ తరఫున మాట్లాడ్డానికి ఓంబుడ్స్‌మన్ అని వేరే మనిషిని కూడా పెట్టారు. అంతుండీ అక్కడా పడకపుండ్లు, స్టాఫ్ తక్కువ అన్న గోల తగ్గలేదు, చట్టం ఉంటే చాలనుకోవద్దని ఈ మాట చెప్తున్నాను.

మన దగ్గర 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. 19వ సెక్షన్‌లో ప్రతి జిల్లాకీ కనీసం ఒక వృద్ధాశ్రమం, దిక్కులేని కనీసం 150 మందికి చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చని రాశారు. సుప్రీంకోర్టు కూడా 2018 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో జిల్లాల్లో వృద్ధాశ్రమాలు ఎన్నున్నాయో లెక్క తియ్యమంది. ప్రైవేటు హోమ్‌లన్నిటికీ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెడతామని 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు కానీ అది పాసై చట్టం కాలేదు. నాకు అన్నిటికన్నా మండేది ఇక్కడే. హోటల్ పెట్టాలంటే లైసెన్సు, మందుల షాపు పెట్టాలంటే లైసెన్సు, మంచాన పడ్డ మనుషుల్ని ఇరవై మందిని ఒక ఇంట్లో పెట్టి డబ్బు తీసుకునేవాడిని వచ్చి చూసే కన్ను మాత్రం దేశమంతటికీ ఒకటంటూ లేదు.

ఒడిశాలో 1990 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, వైద్యం చేసే చోటు, నర్సింగ్ హోమ్, ఆస్పత్రి అయితే దాని కింద రిజిస్టర్ కావాలి. అందుకని హోమ్‌కి వెళ్ళగానే ఇది అడగండి, మీరు ఏ చట్టం కింద రిజిస్టర్ అయ్యారు అని. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్లు చూసి తృప్తి పడకండి, దగ్గరకెళ్ళి చదవండి, చాలాచోట్ల అది సొసైటీ రిజిస్ట్రేషనో, ట్రస్టు కాగితమో, 80జీ కాగితమో అయి ఉంటుంది. 80జీ అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి పన్ను తగ్గింపు, అంతే, మీ నాన్నగారిని చూసుకోగలరని ఎవరూ ఇచ్చిన హామీ కాదు. ఇంజెక్షన్లిస్తాం, ఆక్సిజన్ పెడతాం, ముక్కులో గొట్టం వేస్తాం, డ్యూటీ డాక్టరు ఉంటాడు అని బోర్డు మీద రాసుకుని, పేపర్లో మాత్రం సేవా ఆశ్రమం అని ఉంటే ఆ తేడానే మీ కంప్లైంట్‌లో రాయాల్సిన మొదటి మాట. అది జిల్లా ముఖ్య వైద్యాధికారికి ఇవ్వాలి, మన వాళ్ళందరూ సీడీఎంఓ ఆఫీసు అంటారు. వైద్యం లేని మామూలు ఆశ్రమం అయితే కలెక్టరుకి ఇచ్చి, కాపీ జిల్లా సామాజిక భద్రత అధికారికి ఇవ్వండి. సబ్ కలెక్టరు దగ్గర వృద్ధుల ట్రిబ్యునల్ ఉంటుందని చాలామంది అక్కడికే పరిగెడతారు, అది పిల్లలూ వారసులూ పోషించట్లేదన్న కేసులకి, హోమ్ మీద కంప్లైంట్‌కి అది సరైన గుమ్మం కాదు.

ఫోన్‌లో అయితే 14567, ఎల్డర్ లైన్ అని వయసైనవాళ్ళ కోసం పెట్టిందే, ఉదయం 8 నించి రాత్రి 8 దాకా. ఫోన్ చేసిన తేదీ, మాట్లాడినవాళ్ళ పేరు, కంప్లైంట్ నంబరు రాసి పెట్టుకోండి. ఆ హోమ్‌ని ఎప్పుడు తనిఖీ చేశారు, రిపోర్టు కాపీ ఇవ్వండి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. తనిఖీ చెయ్యలేదు అని జవాబొచ్చినా మంచిదే, ఆ కాగితమే మీ తరవాతి ఉత్తరానికి ఆధారం. హోమ్ కేంద్ర ప్రభుత్వం గ్రాంటు తీసుకుంటుంటే అది కూడా అడగండి, ప్రజల డబ్బు తీసుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ జవాబు చెప్పాలి.

ఒడియా గురించి బెంగ పెట్టుకోకండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చు. గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఎవరికి కొత్త, తెలుగులో ఇస్తే తీసుకోం అని కిటికీ దగ్గర ఎవరన్నా అంటే ఈ అధికరణం పేరు చెప్పండి. పని బేగి కావాలంటే మాత్రం తెలుగు అర్జీకి ఒడియా కాపీ కూడా కుట్టి ఇవ్వండి, పదో తరగతి చదివే పిల్లలెవరైనా రాసిపెడతారు.

ప్రశ్న: పర్లాకిమిడి నించి రాస్తున్నాను. నాన్నగారికి మతిమరుపు జబ్బు, జీవితమంతా ఆఫీసులో ఒడియాలోనే పనిచేశారు, ఇప్పుడు ఒక్క ఒడియా ముక్క రావట్లేదు, చిన్నప్పటి తెలుగే మాట్లాడుతున్నారు. హోమ్‌లో ఎవరికీ అర్థం కాదు. రాత్రుళ్ళు అరుస్తున్నారని ఏదో మాత్ర మొదలుపెట్టారు, ఇప్పుడు పగలంతా నిద్ర, చేతులు బిగుసుకుపోయి వణుకుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది. ఇది జబ్బు ముదరడమేనా?

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు, కానీ మాత్ర మొదలుపెట్టాక వచ్చిందంటున్నారు కాబట్టి ముందు మాత్రనే అనుమానించాలి. స్ట్రిప్పు మీద పేరు చూసి ఫోటో తీసుకోండి. హలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, ఇలాంటివేవైనా అయితే అవి మానసిక జబ్బుల మందులు, మతిమరుపు ఉన్న వృద్ధుల్లో ఇవి వాడితే ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల సంస్థ 2005లో వీటిలో కొత్త తరం మందులకీ, 2008లో హలోపెరిడాల్ లాంటి పాతవాటికీ మందు వివరాల కాగితంలో గడి కట్టి హెచ్చరిక వేయించింది. అసలు వాడనే కూడదని కాదు, మనిషి తననో పక్కవాళ్ళనో గాయపరిచేంత ఉంటే డాక్టరు చాలా తక్కువ డోసులో కొన్నాళ్ళకి ఇచ్చి మళ్ళీ చూస్తారు. నర్సు నిద్ర చెడుతోందనో, పక్క గదివాళ్ళు తిడుతున్నారనో మేనేజరు మొదలుపెట్టే మందులు కావివి. ఎవరు రాశారు, ఏ తేదీన, ఆ చీటీ చూపించండి అని అడగండి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపెయ్యకండి, ఈ వారమే న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించి తగ్గించాలా మార్చాలా అడగండి. ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి జ్వరం కూడా వస్తే అది ఎమర్జెన్సీ.

అరుపుకి కారణం ఎవరైనా వెతికారా అన్నది నా రెండో ప్రశ్న. నొప్పి అని చెప్పలేని మనిషి అరుస్తాడు. మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, చలి, ఆకలి, చీకటి. మందు కన్నా ముందు ఇవన్నీ చూడాలి.

భాష సంగతి. తరవాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి చిన్నప్పటిది మిగలడం ఈ జబ్బులో చూస్తూనే ఉంటాం, ఆయన మొండితనం కాదు. ఒక అట్ట మీద ఆయన వాడే మాటలు, నీళ్ళు, ఆకలి, నొప్పి, ఒంటికి, దొడ్డికి, చలేస్తంది, అమ్మ ఏది, ఇలాంటివి ఓ ఇరవై, ఒక వైపు ఆయన అనేది ఒడియా లిపిలో, పక్కన దాని అర్థం ఒడియాలో రాసి మంచం దగ్గర కట్టండి. ఆయన పొద్దున్న ఏం తాగేవారు, ఏ పక్కకి పడుకునేవారు, మీ అమ్మగారి పేరు, ఇవి కూడా రాయండి. మీ గొంతుతో నాన్నా పడుకో, నేను పొద్దున్న వస్తాను అని రికార్డు చేసి ఇవ్వండి, రాత్రి డ్యూటీ అమ్మాయి ఫోన్లో వినిపిస్తుంది. మీ వైపు హోమ్‌లలో తెలుగు తెలిసిన ఒక్క మనిషైనా రాత్రి డ్యూటీలో ఉందా అని చేర్చేముందే అడగాలి, పేషెంట్లలో తెలుగువాళ్ళూ ఉన్నప్పుడు అది గొంతెమ్మ కోరిక కాదు. మంచానికి చేతులు కట్టేస్తున్నారేమో మణికట్లు చూడండి, కమిలిన గుర్తులుంటే ఆరోజే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా పెద్దమ్మకి పిల్లలు లేరు. బరంపురంలో ఇల్లుంది, దాన్ని ఒక హోమ్ ట్రస్టుకి గిఫ్టు రాసేస్తే పోయేదాకా చూసుకుంటామంటున్నారు. రాయొచ్చా?

జవాబు: గిఫ్టు కన్నా వీలునామా నయం, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్టే రాయాలంటే తిండి, వైద్యం, నర్సింగ్ అన్నీ బతికున్నంతకాలం చూడాలి అన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి, నోటి మాట వద్దు. షరతు ఉండి వాళ్ళు తప్పితే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ఆ రాసివ్వడమే చెల్లదని ట్రిబ్యునల్ చెప్పొచ్చు, షరతు లేకపోతే వాదన చాలా కష్టం. డ్రాఫ్టు హోమ్ వాళ్ళ వకీలు రాసింది కాకుండా మీ వకీలుకి చూపించండి. పెద్దమ్మ ముందు ఓ రెండు నెలలు డబ్బు కట్టి అక్కడ ఉండి చూడమనండి.

ప్రశ్న: సిస్టరమ్మా, నేను జయపురం దగ్గర ఒక హోమ్‌లో ఆయాగా చేస్తున్నాను, ఏడో తరగతి వరకే చదివాను. రాత్రి డ్యూటీలో నేనొక్కదాన్నే, పడకమీదున్నవాళ్ళే చాలామంది. డైపర్ రెండుసార్లకి మించి మార్చొద్దు, ఖర్చు అంటారు. పొద్దున్నే చార్టులన్నీ ఒకేసారి నింపమంటారు. ఒక తాతకి ఒళ్ళంతా పుండ్లు పడ్డాయి, నాకు చూడలేకుండా ఉంది. చెప్తే పని పోతుంది, ఇద్దరు పిల్లలు. నేను ఏటి చెయ్యాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. హోమ్ మీద కోపంతో రాసినవాళ్ళు చాలామంది, లోపలుండి రాసింది నువ్వొక్కదానివే. తప్పు నీది కాదు, అంతమందికి ఒక్క మనిషిని పెట్టినవాళ్ళది, ట్రైనింగ్ ఇవ్వకుండా మంచాల మధ్యకి తోసినవాళ్ళది.

ముందు రాత్రి పని గురించి చెప్తాను. అందరినీ రెండు గంటలకోసారి తిప్పడం ఒక్కదాని వల్ల కాదు, కాబట్టి బొత్తిగా కదల్లేనివాళ్ళు ఎవరో, పుండు ఇప్పటికే మొదలైనవాళ్ళు ఎవరో వాళ్ళని ముందు పెట్టుకో. కొంచెం కదలగలిగినవాళ్ళని పేరు పెట్టి పిలిచి పక్కకి తిరగమను. ఒక్కదానివే ఎత్తొద్దు, నడుం కింద దుప్పటి మడిచి వేసి ఆ దుప్పటి పట్టుకుని లాగితే వాళ్ళ చర్మం రాసుకోదు, నీ నడుమూ విరగదు. అన్నం పెట్టేటప్పుడు కూర్చోబెట్టి పెట్టు, పెట్టాక అరగంట దాకా పడుకోబెట్టకు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇన్సులిన్ వేసిన మనిషికి తిండి ఆలస్యం కానివ్వకు, చెమటలు పట్టి తడబడుతుంటే మింగగలిగితే పంచదార నీళ్ళు పట్టి ఎవరినైనా పిలువు, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు.

చార్టు సంగతి. నువ్వు చెయ్యని పని చేసినట్టు రాయకు. రేపు ఆ తాతకి ఏమైనా అయితే ఆ సంతకం నీది, మేనేజరుది కాదు, ఆరోజు వాళ్ళు చార్టు చూపించి ఈ అమ్మాయే రాసింది అంటారు. పైన రాయగడ చెల్లికి చార్టు అడగమని చెప్పాను, అలా అడిగే ఇళ్ళు రేపు మీ హోమ్‌కీ వస్తాయి. చేసిందే రాయి, కుదరనిది ఖాళీగా వదిలెయ్యి, ఎందుకు వదిలావంటే రాత్రి ఒక్కదాన్నే ఉన్నాను సార్ అను. నీకంటూ ఒక చిన్న నోట్‌బుక్ ఇంట్లో పెట్టుకుని రోజూ తేదీ, డ్యూటీలో ఎంతమంది, పేషెంట్లు ఎంతమంది, డైపర్లు ఎన్ని ఇచ్చారు, నువ్వు ఎవరికి ఏం చెప్పావు అని రెండు వరసలు రాసుకో. పేషెంట్ల ఫోటోలు మాత్రం తియ్యకు, అది నీకే చుట్టుకుంటుంది.

ఆ తాత మనుషులు వచ్చినప్పుడు దాచకు, ఒక్కసారి వీపు చూడండమ్మా అను, అంతే చాలు. ఎవరూ రాకపోతే 14567కి బయట నించి ఫోన్ చేసి హోమ్ పేరు, తాత మంచం ఎక్కడో చెప్పి, నీ పేరు బయటపెట్టొద్దని అడుగు. పని తీసేస్తామని బెదిరించినా, జీతం ఆపినా జిల్లా న్యాయసేవా సంస్థకి వెళ్ళు, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100 వాళ్ళ నంబరు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెట్టాలని మన దేశపు 1987 న్యాయసేవల చట్టంలో ఉంది, ఫీజు అడిగితే ఇవ్వక్కర్లేదు. నోట్‌బుక్ తీసుకెళ్ళు, వాళ్ళే అర్జీ రాసిపెడతారు, నువ్వు తెలుగులో చెప్తే చాలు. ఈలోగా ఆ తాత పుండు దగ్గర ఎర్రగా పాకినా, జ్వరం వచ్చినా, అన్నం మానేసినా రాత్రి ఎంత అయినా సరే మేనేజరుకి ఫోన్ కొట్టి టైము నోట్‌బుక్‌లో రాసుకో, వాళ్ళు కదలకపోతే నువ్వే 108కి ఫోన్ చెయ్యి.